నీళ్లు పడని నీటిమొక్క

మా భీమవరంలో చేపల పెంపకం ఎవరికీ నేర్పక్కర్లేదు. చేపతొట్టెలోకి మొక్కలమ్మడం మాత్రం మా వీధి చివర షాపుగారికే చెల్లింది. నీళ్లలో బతకని నీటిమొక్కను లోకానికి అందించిన మహానుభావులు వారు.

దాని పేరు 'వాటర్ బ్యాంబూ'. జత 150. వెదురనుకునేరు, కాదు. మధ్య ఆఫ్రికా అడవుల నీడన మట్టిలో పెరిగే డ్రాసినా అనే మొక్క. పాదాలు తడిపితే ఊరుకుంటుంది, నెత్తి ముంచితే ఊరుకోదు. గాలిలో కంటే నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. గాలికి అలవాటుపడ్డ ఆకుకి అక్కడ పస్తే. మూడో వారానికి నా అడుగున్నర తొట్టెలో కాండం పసుపెక్కింది. నొక్కితే మగ్గిన అరటిపండులా జారింది. వాసన మాత్రం అరటిపండుది కాదు.

పట్టుకెళ్లి చూపించాను. వారు దాన్ని ట్యూబులైటుకేసి ఎత్తి, ఎక్సరే చూసే డాక్టరులా కళ్లు చికిలించారు.

"దీనికి నీళ్లు పడలేదు సార్."

నీటిమొక్కకి! రేపు చేపకి ఈత పడలేదంటారు.

వైద్యం కూడా చెప్పారు. రోజూ పచ్చసీసా ఐదు చుక్కలు. దానివల్ల పాచి పడితే నీలంసీసా. నీలానికి చేపలు డీలాపడితే పసుపుసీసా. మా ఆరెంపీగారు నయం, అన్నిటికీ ఒకటే సూది. లైటు రాత్రింబవళ్లు వెలగాలట. ఎనిమిది గంటలు దాటితే పెరిగేది పాచేనని ఎవరు చెప్పాలి?

అదే షాపులో ఓ మూల హైడ్రిల్లా కట్టలు. మా కాలవల్లోంచి కూలిచ్చి మరీ లాగి గట్టున పారేసే నాచు. 1950ల్లో అక్వేరియం వ్యాపారం చలవతో ఫ్లోరిడా చేరి, వీసా గొడవ లేకుండా స్థిరపడింది. దాన్ని చంపలేక అక్కడి ప్రభుత్వం ఏటా లక్షల డాలర్లు పోస్తోంది. చంపినా చావనిది పక్కనే ఉండగా చచ్చేదాన్నే ఎందుకు అంటగడతారు? చస్తేనే కదా మళ్లీ వస్తాం.

నవ్వుకుని ఊరుకుందును. కానీ ఆ కుళ్లు నీళ్లలోకి అమ్మోనియా వదిలింది. ఆరు గప్పీ చేపలు. రాత్రంతా పైకొచ్చి నోళ్లు తెరుచుకుని, తెల్లారేసరికి వెల్లకిలా తేలాయి. చెబితే "చవకే కదా సార్, ఇంకో ఆరు వేసుకోండి" అన్నాడు. అన్నారు కాదు, అన్నాడు. ఆ చేతులతోనే రోజూ వాటికి మేత వేస్తాడు, దరిద్రుడు!

నా వెనకాల ఎనిమిదేళ్ల పాప, చేతిలో చిల్లర డబ్బా. "అంకుల్, వాటర్ బ్యాంబూ ఉందా?"

అడ్డం పడ్డాను. "వద్దమ్మా, ఇదిగో, ఈ హైడ్రిల్లా తీసుకో."

పాప కట్టకేసి చూసి మూతి విరిచింది.

"ఛీ, అది కాలవ నాచు."