ఆర్-290 ఏసీ ‘బాంబు’ మెసేజ్: అందులో అబద్ధమేది, అసలు ప్రమాదమేది

ఎండలు ముదిరేసరికి విశాఖ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంటుంది. దాని సారాంశం ఇది: ‘కొత్త ఏసీల్లో వాడే ఆర్-290 అంటే వంటగ్యాసే. పడకగదిలో సిలిండర్ పెట్టుకున్నట్టే. ఆర్-32 కొనండి, అది మండదు, పర్యావరణానికి హాని లేదు. పాత ఆర్-22 ఏసీ ఉంటే అందులో హైడ్రోకార్బన్ గ్యాస్ కొట్టించండి, కరెంటు ఆదా. ఏటా వేసవికి ముందు గ్యాస్ నింపించడం మరవకండి.’

ఆర్-290, ఆర్-32, ఆర్-22 అన్నవి ఏసీలో చల్లదనం కోసం వాడే గ్యాసుల పేర్లు. వీటిలో ఆర్-290 కూడా హైడ్రోకార్బన్ (కార్బన్, హైడ్రోజన్‌లతో అయిన, మండే) గ్యాసే. మొదట బాంబు అని భయపెట్టిన గ్యాస్‌నే కాస్త కిందికొచ్చాక పాత మిషన్లో పోయించుకోమంటోంది. రాసినవారు తిరిగి చదువుకున్నట్టు లేదు.

‘పడకగదిలో సిలిండర్’

ఆర్-290 అంటే ప్రొపేన్. మండుతుంది, అందులో అనుమానం లేదు. తేడా బరువులో ఉంది. వంటింటి సిలిండర్లో 14.2 కిలోలు ఉంటే, ఒకటిన్నర టన్నుల ఆర్-290 స్ప్లిట్ ఏసీలో ఉండేది సుమారు 300 గ్రాములు. ప్రొపేన్ అంటుకోవాలంటే ఘనపు మీటరు గాలిలో కనీసం 38 గ్రాములు కలవాలి. పది అడుగుల ఎత్తున్న 10×12 గది అంటే 34 ఘనపు మీటర్లు. ఆ గది గాలి మొత్తం మండే స్థాయికి చేరాలంటే దాదాపు 1.3 కిలోలు కావాలి.

అంతమాత్రాన 300 గ్రాములే కదా అని ఎక్కడపడితే అక్కడ బిగించకూడదు. ప్రొపేన్ గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు. కారితే కిందికి దిగి నేలబారున పరుచుకుంటుంది. అందుకే ఏసీల భద్రతకు ఉన్న ఐఈసీ 60335-2-40 అనే అంతర్జాతీయ ప్రమాణంలోని ప్రాథమిక లెక్క గది వైశాల్యంతో పాటు ఇండోర్ యూనిట్ ఎత్తునూ చూస్తుంది. గోడకు 1.8 మీటర్ల ఎత్తున బిగిస్తే 120 చదరపు అడుగుల గదికి పరిమితి సుమారు 250 గ్రాములు. నేలకు దగ్గరగా 0.6 మీటర్ల ఎత్తున పెడితే అదే గదికి 84 గ్రాములే. ఈ లెక్కన 300 గ్రాముల మిషన్‌కు 170 చదరపు అడుగులు కావాలి. చిన్న గదికి ఒక టన్ను చాలు, గ్యాసూ తక్కువే పడుతుంది. కొనేముందు మాన్యువల్‌లో కనీస గది వైశాల్యం ఎంత రాశారో చూసుకోండి.

ఒక విషయంలో భయం న్యాయమే. ఈ గ్యాస్‌లో వంటగ్యాస్‌లా వాసన కలపరు, కాబట్టి కారితే ముక్కుకు తెలియదు. 2020 మే 7న విశాఖ వెంకటాపురంలోని ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ అనే విషవాయువు లీకయ్యాక ఈ ఊళ్లో గ్యాస్ అన్న మాటకే ఉలిక్కిపడటం సహజం కూడా. కానీ ఓసారి మీ ఫ్రిజ్ వెనక స్టిక్కర్ చూడండి. ఆర్-600ఎ అని ఉంటే అది ఐసోబ్యూటేన్, అదీ మండేదే. ఆర్-290 స్ప్లిట్ ఏసీలు మన దేశంలో 2012 నుంచే అమ్ముతున్నారు.

‘ఆర్-32 మండదు, హాని లేదు’

రెండూ తప్పే. ఆర్-32ది ఎ2ఎల్ తరగతి, అంటే కొద్దిగా మండే రకం. అంటుకోవాలంటే ఘనపు మీటరుకు 307 గ్రాములు కావాలి కాబట్టి ప్రొపేన్‌కన్నా చాలా మొండిది. అంటుకుంటే మాత్రం హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు వస్తుంది. భూతాపం సంగతికొస్తే, కిలో ఆర్-32 గాలిలో కలిస్తే 675 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఆర్-410ఎ అయితే 2,088, ఆర్-22 అయితే 1,810, ప్రొపేన్ అయితే సుమారు 3. పాతవాటికన్నా ఆర్-32 మెరుగే, హాని లేనిది మాత్రం కాదు. భారత్ 2021లో ఆమోదించిన కిగాలీ సవరణ (ఇలాంటి గ్యాసులను తగ్గించే అంతర్జాతీయ ఒప్పందం) ప్రకారం 2028 నుంచి పరిమితి పడే హెచ్‌ఎఫ్‌సీల్లో, అంటే భూతాపం పెంచే ఫ్లోరిన్ గ్యాసుల్లో, అదీ ఉంది.

‘పాత ఆర్-22 ఏసీలో కొట్టించండి’

మెసేజ్ మొత్తంలో మనుషుల ప్రాణం మీదికి తెచ్చే మాట ఇదే. 1.2 కిలోల ఆర్-22 పట్టే మిషన్‌కు ప్రొపేన్ అర కిలో దాకా కావాలి. అంటే 10×12 గదికి చెప్పిన పరిమితికి రెట్టింపు. అదే 1.2 కిలోలూ తూచి పోస్తే కంప్రెసర్లోకి లిక్విడ్ వెళ్లి వాల్వులు విరగొచ్చు. ఆర్-290 కోసం తయారైన మిషన్లో నిప్పురవ్వ బయటికి రాకుండా రిలేలు, స్విచ్‌లు సీలు చేసి ఉంటాయి. పాతదాంట్లో రిలే, కాంటాక్టర్ తెరిచే ఉంటాయి.

ఆ తర్వాత అసలు ముప్పు. స్టిక్కర్ మీద ఇంకా ఆర్-22 అనే ఉంటుంది. రెండేళ్లకు వచ్చిన మరో మెకానిక్ అది చూసి, గ్యాస్ వదిలేసి పైపు అతకడానికి వెల్డింగ్ టార్చ్ వెలిగిస్తాడు. గేజ్ సున్నా చూపించినా కంప్రెసర్ ఆయిల్లో కరిగిన ప్రొపేన్ మెల్లగా బయటికి వస్తూనే ఉంటుంది. వెల్డింగ్ దగ్గర మంట ముఖానికి తగిలేది అక్కడే. సరైన పద్ధతి ఇలా ఉంటుంది: గ్యాస్‌ను ఖాళీ చేసి, వాక్యూమ్ లాగి, నైట్రోజన్‌తో కడిగి, పైపును కట్టర్‌తో కోసి, గాలాడే చోట, డిటెక్టర్ పక్కన పెట్టుకుని చేయాలి.

కరెంటు ఆదా మాట? ఆంప్స్, అంటే మిషన్ లాగే కరెంటు, తగ్గుతాయి, నిజమే. చల్లదనమూ తగ్గుతుంది, కాబట్టి మిషన్ ఎక్కువసేపు తిరుగుతుంది. పోనీ పాతదాంట్లో ఆర్-32 పోద్దామంటే, కండెన్సర్ (అవుట్‌డోర్ కాయిల్) 50 డిగ్రీల దగ్గర ఆర్-22 ఒత్తిడి 19 బార్ అయితే దీనిది 31. పాత మిషన్ అంత ఒత్తిడికి తయారైంది కాదు. దానికితోడు పాత మినరల్ ఆయిల్ ఇందులో కలవదు.

‘ఏటా గ్యాస్ నింపించాలి’

ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే అర్థం. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు వైపు ఉప్పుగాలికి అవుట్‌డోర్ కాయిల్ రెక్కలు పొడిపొడిగా రాలతాయి, యూ-బెండ్ల దగ్గర సూదిమొన రంధ్రాలు పడతాయి. పైపులు కలిపే ఫ్లేర్ నట్ల దగ్గర నూనె మరక కనిపిస్తే అనుమానం అక్కడ మొదలుపెట్టాలి. నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగ రాస్తే చోటు దొరుకుతుంది. అది మూసి, మన తేమగాలికి పైపుల్లో చేరిన తడి పోయేలా 500 మైక్రాన్ల (లోపల మిగిలిన ఒత్తిడికి కొలత) దాకా వాక్యూమ్ లాగాకే గ్యాస్ పోయాలి, అదీ డిజిటల్ కాటా మీద తూచి. ప్రొపేన్ అయితే ఐదు, పది గ్రాముల తేడా కూడా లెక్కే. కాటా, వాక్యూమ్ పంపు తేకుండా గేజ్ ఒక్కటే పట్టుకొచ్చిన మెకానిక్‌తో గ్యాస్ పోయించుకోకండి.