గైనిక్ ఫైలు ఒకచోట, న్యూరో ఫైలు ఇంకోచోట

గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం గర్భసంచి బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ ఉంటే, మెదడు, వెన్నుపాములను దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే ఎంఎస్ కూడా వస్తుందట అన్న మాట ఫోన్లలో తిరుగుతోంది. అసలే నెలనెలా నొప్పితో నలిగిపోయేవాళ్లకు ఇదో కొత్త టెన్షన్. వార్త పూర్తిగా అబద్ధం కాదు, కానీ చెప్తున్న తీరు మాత్రం తప్పు.

డెన్మార్క్‌లో 37,661 మంది ఎండోమెట్రియోసిస్ పేషెంట్ల ఆసుపత్రి రికార్డులు తిరగేసి 2011లో ఒక లెక్క తేల్చారు: వీళ్లలో ఎంఎస్ మిగతా ఆడవాళ్లలో కంటే సుమారు 20 శాతం ఎక్కువ. 2025లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బ్రిటన్ వాసుల ఆరోగ్య వివరాలు దాచే యూకే బయోబ్యాంక్ సమాచారంలో వెతికితే ఎంఎస్‌తో పాటు రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం), సీలియాక్ (గోధుమ పడని పేగు జబ్బు), సోరియాసిస్ లాంటివీ ఎక్కువగానే కనిపించాయి. జన్యువుల్లో ఎంఎస్‌తో పోలిక కొంత ఉంది గానీ అది బాగా బలహీనం. 20 శాతం అనగానే గుండె గుభేలుమంటుంది. అయితే వెయ్యి మందిలో ముగ్గురికి వచ్చే జబ్బు అనుకుంటే, అంత పెరిగినా నలుగురికి చేరదు. చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకే ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ సోకాక ఎంఎస్ ముప్పు 32 రెట్లు పెరుగుతుందని 2022లో అమెరికా సైనికుల రక్త నమూనాల్లో తేలింది, దాని పక్కన పెట్టి చూస్తే ఇదెంత? పైగా ఆసుపత్రుల చుట్టూ తిరిగేవాళ్లకు పరీక్షలు ఎక్కువ, రెండో జబ్బు బయటపడే వీలూ ఎక్కువే.

మరి లంకె ఎక్కడ? నెలసరి రక్తం కొంత వెనక్కి మళ్లి ట్యూబుల గుండా పొత్తికడుపులోకి పోతుందని, ఎండోమెట్రియోసిస్‌కు అదే కారణమని అమెరికా గైనకాలజిస్టు జాన్ శాంప్సన్ 1920ల్లోనే చెప్పాడు, తర్వాత చూస్తే అది చాలామంది ఆడవాళ్లలో మామూలుగా జరిగేదే, జబ్బు మాత్రం పదిమందిలో ఒకరికే. అనుమానం రోగనిరోధక వ్యవస్థ మీదికి మళ్లింది అందుకే. దారితప్పి వచ్చిన కణాలను ఊడ్చేయాల్సిన మాక్రోఫేజులు అనే రోగనిరోధక కణాలు వాటికి రక్తనాళాలు పుట్టేలా సాయపడుతుంటాయి, చంపాల్సిన ఎన్‌కే (నేచురల్ కిల్లర్) కణాలేమో నీరసపడి ఉంటాయి. ఎంఎస్‌లో కథ రివర్స్. మెదడు, వెన్నుపాముల్లో నరాల మీదుండే మైలిన్ అనే రక్షణ పొరనే టీ, బీ అనే రోగనిరోధక కణాలు శత్రువనుకుని దెబ్బతీస్తాయి. ఒక ఇంట్లో వాచ్‌మన్ దొంగకు తలుపు తీశాడు, ఇంకో ఇంట్లో యజమానినే కొట్టాడు.

రెండు చోట్లా టీఎన్‌ఎఫ్ అనే వాపు రసాయనం ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి ఒకే మందు సరిపోతుందనుకుంటాం. కానీ రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో అంత బాగా పనిచేసే టీఎన్‌ఎఫ్ నిరోధకాలు ఎంఎస్‌ను ఇంకా ముదిరేలా చేశాయి. అదే కోవకు చెందిన ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడి చూస్తే ఎండోమెట్రియోసిస్ నొప్పి తగ్గలేదు. ఇక ఈ రెండు జబ్బుల పేర్లూ చెప్పి ‘ఇమ్యూనిటీ పెంచే’ పొడులు అమ్మేవాళ్లను ఏమనాలో మాకు తెలియడం లేదు, ఎంఎస్‌లో ఇబ్బంది బలం చాలక కాదు, గురి తప్పడం వల్ల.

మా అభ్యంతరం అసలు ఆసుపత్రుల తీరు మీద. ‘ఆ రోజుల్లో నొప్పి మామూలేలే’ అనిపించుకుంటూ ఎండోమెట్రియోసిస్ అని పేరు పడేసరికే చాలామందికి ఏళ్లు గడిచిపోతాయి. అలసట, మూత్రం ఆపుకోలేకపోవడం, కాళ్లలో తిమ్మిరి రెండు జబ్బుల్లోనూ ఉండొచ్చు. గైనకాలజిస్టు తిమ్మిరిని కూడా ఎండో ఖాతాలోనే వేసేస్తారు, న్యూరాలజిస్టు నెలసరి ఊసే ఎత్తరు, ఇద్దరి మధ్యా ఫైళ్లు మోసేది పేషెంటే. ఎంఎస్ లక్షణాలు కూడా కొందరిలో నెలసరి ముందు పెరుగుతాయి కాబట్టి తేదీలు చూసి తేల్చేద్దామన్నా కుదరదు. ఎండోమెట్రియోసిస్ ఉన్న ప్రతి ఒక్కరికీ మెదడు ఎంఆర్‌ఐ తీయమని మేం అనడం లేదు, అది డబ్బు దండగ, భయం అదనం. రెండు విభాగాల ఓపీ చీటీల్లోనూ నాలుగు ప్రశ్నలు చేర్చడానికి ఏం ఖర్చవుతుంది? నెలసరి ఎలా ఉంటోందని న్యూరోలో అడగాలి. గైనిక్‌లో అడగాల్సినవి ఇవి: ఒక కంట్లో చూపు మసకబారి కన్ను తిప్పితే నొప్పి వచ్చిందా, చెయ్యో కాలో రోజంతా దాటి మొద్దుబారి ఉందా, మెడ వంచగానే వీపులో కరెంటు షాక్‌లా పాకిందా. వీటిలో ఏ ఒక్కదానికి అవునన్నా, నొప్పి మాత్ర రాసి పంపేయకుండా అదే వారం న్యూరాలజిస్టు దగ్గరికి పంపాలి.