పెదాలు కదిపిస్తే పాటైపోతుందా?

నెల్లూరు జిల్లాలో ఒక ఉన్నత పాఠశాల వార్షికోత్సవం. ఊరి పేరు, బడి పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ పని చేస్తున్నది ఆ బడి ఒక్కటే కాదు. ఆరో తరగతి నుంచి తొమ్మిది దాకా పిల్లలు మూడు వరుసల్లో నిలబడ్డారు, సౌండ్ బాక్సులు అదిరిపోతున్నాయి, చీఫ్ గెస్టు గారు తాళం వేస్తున్నారు, అంతలో కరెంటు పోయింది. దాంతో పాట కూడా ఆగిపోయింది. పిల్లల పెదాలు మాత్రం ఇంకో రెండు క్షణాలు కదిలాయి. ఒక్కరి గొంతూ పైకి రాలేదు. జనరేటర్ వేసేదాకా అంతమంది పిల్లలూ తలలు దించుకుని నిలబడితే, కింద కూర్చున్నవాళ్లలో కొందరు నవ్వారు కూడా. తర్వాత మా విలేకరి కదిపి అడిగితే తేలింది, రిహార్సల్స్ జరిగినన్ని రోజులూ పిల్లలకు నేర్పింది నోరు ఎక్కడ తెరవాలి, ఎక్కడ మూయాలి అన్నదే. వెనక వరుసలో ఉన్న ఎనిమిదో తరగతి అబ్బాయికైతే, నీ గొంతు బొంగురుగా ఉంది, నువ్వు అసలు పాడొద్దు, నోరాడిస్తే చాలు అని చెప్పారట.

నోరాడిస్తే చాలు. పన్నెండు పదమూడేళ్ల పిల్లాడికి బడి చెప్పాల్సిన మాటేనా ఇది? పొద్దున అసెంబ్లీలో నిజమే చెప్పాలని మనమే ప్రతిజ్ఞల మీద ప్రతిజ్ఞలు చేయిస్తాం, గోడల మీద సూక్తులు రాయిస్తాం, సాయంత్రానికి అదే పిల్లాణ్ణి స్టేజీ ఎక్కించి పాడనిది పాడినట్టు నటించమంటాం.

అసలు తప్పు పాట ఎంచుకునే దగ్గరే మొదలవుతోంది. వార్షికోత్సవానికి పది రోజులుందనగా ఎవరో ఒకరు యూట్యూబ్‌లో వెతికి ఒక సినిమా పాటో, చీఫ్ గెస్టు గారికి నచ్చే పాటో పట్టుకుని వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. అది పేరు మోసిన గాయని స్టూడియోలో పాడిన పాట. చరణంలో పై స్థాయికి వెళ్లి అక్కడే తిరుగుతుంది, ఊపిరి తీసుకోవడానికి సందు ఉండదు. దాన్ని మన పిల్లల చేతిలో పెట్టి రెండు రోజులు పాడించి చూస్తారు, ఆడపిల్లల గొంతు కీచుమంటుంది, మగపిల్లల గొంతు చీలిపోతుంది. పాటను మార్చాలన్న ఆలోచన రాదు. పిల్లల్ని నోరు మూయించి పెన్‌డ్రైవ్ పెట్టేస్తారు.

ఈ వయసు గురించి తెలియనివాళ్లు కాదు కదా మన టీచర్లు. మగపిల్లలకు గొంతు మారేది సరిగ్గా ఈ క్లాసుల్లోనే, ఎక్కువమందికి పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య. స్వరపేటిక పెరిగి, లోపలి స్వరతంతులు పొడుగై మందమవుతాయి, గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. దిగే ఆ నెలల్లో హాయిగా పలికే స్వరాలు ఐదారు మిగిలితే గొప్ప. నిన్న పాడిన పాట ఇవాళ రాదు. ఆడపిల్లల గొంతులోనూ మార్పు ఉంటుంది, అంతగా బయటపడదు, గాలి కలిసినట్టు వినిపిస్తుంది అంతే. ఇందులో జబ్బు లేదు, సిగ్గుపడాల్సిందీ లేదు. ఈ దశలో మెల్లగా, తక్కువ స్థాయిలో పాడిస్తూ ఉంటే గొంతు కుదురుకుంటుంది. క్లాసు అందరి ముందూ నీ గొంతు బాలేదు అని ఒక్కసారి అన్నామా, ఇక ఆ పిల్లాడు పెద్దయ్యాక పెళ్లిలో కూడా నోరు విప్పడు. అలాంటి మగవాళ్లు మన చుట్టూ ఎంతమంది ఉన్నారో లెక్కేసుకోండి.

సంగీతం టీచరే లేనప్పుడు మేమేం చేస్తామని హెచ్‌ఎంలు అంటున్నారు, పిల్లలకే సినిమా పాటలు కావాలని, ట్రాక్ లేకపోతే తల్లిదండ్రులు చప్పట్లు కొట్టరని కూడా అంటున్నారు. టీచర్ల కొరత మాట నిజమే. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్ ఏం చెబుతుందంటే, ఆరు నుంచి ఎనిమిది దాకా వందమందికి మించి పిల్లలున్న బడికి కళావిద్య నేర్పడానికి కనీసం పార్ట్‌టైమ్ బోధకుడైనా ఉండాలి. చట్టం వచ్చి ఇన్నేళ్లయినా ఎక్కువ బడుల్లో తెలుగు సారో, పీఈటీ సారో పాట నేర్పుతున్నారంటే అది ప్రభుత్వం సిగ్గుపడాల్సిన విషయం, దాని మీద వేరే రాస్తాం. కానీ నోరాడించమని చెప్పడానికి టీచర్ కొరత సాకు కాదు. పాడే పాట ఎంచుకోవడానికి సంగీతం డిప్లొమా అక్కర్లేదు, పిల్లలు పాడుతుంటే పది నిమిషాలు చెవి పెట్టి వింటే చాలు.

సినిమా పాటలంటే మాకేమీ పగ లేదు. బాలసుబ్రహ్మణ్యం గారి నెల్లూరు ఇది. 2020లో ఆయన పోయాక ఇక్కడి ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు ఆయన పేరే పెట్టారు. 1996లో మొదలైన పాడుతా తీయగాలో ఎంతమంది పిల్లల చేత వాళ్ల సొంత గొంతుతో ఆయన పాడించారో, ఎక్కడ అక్షరం జారిందో ఎంత ఓపిగ్గా చెప్పేవారో టీవీ ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. ఆయన పేరు చెప్పుకునే ఊళ్లో పిల్లల్ని స్టేజీ మీద నిలబెట్టి వేరేవాళ్ల గొంతు వినిపిస్తున్నాం. ప్రకాశం జిల్లావాళ్లూ వినాలి. మా తెలుగు తల్లికి మల్లెపూదండ పాటను ఇంటింటికీ చేర్చిన గొంతు టంగుటూరి సూర్యకుమారిది, ఎవరి పేరు మీద ఆ జిల్లా ఉందో ఆ పంతులుగారి సోదరుడి కుమార్తె ఆవిడ. రాష్ట్ర గీతమైన ఆ పాటను కూడా ఇవాళ కొన్ని బడుల్లో స్పీకర్లో పెట్టి పిల్లల్ని అటెన్షన్‌లో నిలబెడుతున్నారు. పొద్దున్నే, రోజూ, స్పీకర్లో!

కలిసి పాడటం మనకేమైనా కొత్తా? కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు నాట్లప్పుడు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఒకావిడ ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు. గొంతు బాగున్నావిడ, బాగోలేనావిడ అని గట్టు మీద ఎవరూ ఏరరు. చెక్కభజనలో గురువు ఒక ముక్క అంటే గుంపంతా అదే ముక్క తిప్పి అంటుంది, పాట రానివాడు కూడా నాలుగో సారికి కలిసిపోతాడు, అడుగు పడుతుంటే గొంతు దానంతటదే వస్తుంది. బుర్రకథలో వంతలు లేకపోతే కథే నడవదు. బడి పిల్లలకు సరిగ్గా ఇలాంటి పాట కావాలి, చిన్న పాదాలు, మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి, ఎక్కువ ఎక్కిదిగని వరుస. గురజాడ 1910లో రాసిన దేశమును ప్రేమించుమన్నా ఇందుకు ఎంత బాగా కుదురుతుందో పాడించి చూడండి, నడకలోనే సగం తాళం ఉంది. గొంతు మారుతున్న అబ్బాయిలకు చరణం మొత్తం ఇవ్వక్కర్లేదు, పల్లవిని కింది స్థాయిలో వాళ్లకే వదిలేయండి, చరణాలు ఆడపిల్లలు, చిన్న క్లాసుల మగపిల్లలు పాడతారు. హార్మోనియం ఉంటే ఒక శ్రుతి తగ్గించుకోండి, ట్రాకే కావాలంటే గొంతు లేని ట్రాక్ పెట్టుకోండి, శ్రుతి దించే యాప్ ప్రతి ఫోన్లోనూ దొరుకుతుంది. కొంచెం అపశ్రుతి వస్తుంది. రానివ్వండి. తల్లికి తన బిడ్డ గొంతు తెలుస్తుంది.

మమ్మల్ని ఎక్కువ భయపెడుతున్నది ఒక కార్యక్రమం పాడవడం గురించి కాదు, ఇది అలవాటైపోవడం గురించి. ఇవాళ పాటలో నోరాడించమన్నవాళ్లు రేపు సైన్స్ ఫెయిర్‌కి కొనుక్కొచ్చిన మోడల్ పెట్టమంటారు, తనిఖీకి అధికారులు వస్తే బాగా చదివే నలుగురినే ముందు బెంచీలో కూర్చోబెడతారు. ఇప్పటికే చేస్తున్నారని చెప్పేవాళ్లూ ఉన్నారు. పైకి బాగా కనిపిస్తే చాలు, లోపల ఏముందో ఎవరికీ పట్టదు అన్న పాఠం పిల్లలకు సిలబస్‌లో లేకుండానే ఎక్కేస్తోంది. వేదిక మీద కూర్చునే పెద్దలకూ ఇందులో వాటా ఉంది. అది రికార్డింగ్ అని మొదటి వరుసలో ఉన్నవాళ్లకు తెలియక కాదు, తెలిసే శాలువా కప్పించుకుని, పిల్లలు అద్భుతంగా పాడారని మైకులో చెప్పి వెళ్తున్నారు. ఆ మాట వింటూ నిలబడ్డ పిల్లలకు తాము పాడలేదని తెలుసు.

రెండు జిల్లాల విద్యాశాఖాధికారులు చేయాల్సింది పెద్ద పనేమీ కాదు, రూపాయి ఖర్చు కూడా లేదు. పాటల కార్యక్రమాల్లో గొంతు ఉన్న ట్రాక్ వేయకూడదని ఒక సర్క్యులర్ ఇవ్వాలి. పాట పేరు నెల ముందే తేలాలి, పిల్లల్ని పాడించి విన్నాకే తేలాలి. పాడతానని వచ్చిన ఏ పిల్లాణ్ణీ, పిల్లనీ గొంతు బాలేదని నోరు మూయించకూడదు. హెచ్‌ఎంలూ, పోయినసారి మీ బడిలో వెనక వరుసలో ఎవరెవరు ఉత్తి నోరే ఆడించారో మీకు తెలుసు. వాళ్లను పిలిచి ముందు ఒక పాట పాడమనండి. వచ్చే వార్షికోత్సవంలోనూ పెన్‌డ్రైవే పాడిందంటే బడి పేరు దాచి రాసే మర్యాద మా దగ్గర ఉండదు.