వోచర్ చేతికొచ్చాక ఇల్లు దొరకాలిగా

అమెరికాలో పేదలకు ఇంటి సాయం ప్రధానంగా రెండు దారుల్లో అందుతుంది. 1937 చట్టంతో మొదలైన ప్రభుత్వ ఇళ్లు ఒకటి, 1974 నాటి సెక్షన్ 8 అనే చట్ట నిబంధన నుంచి పుట్టిన వోచర్లు, అంటే ప్రైవేటు యజమాని ఇంట్లో అద్దెకుండేందుకు ఇచ్చే సాయపత్రాలు, రెండోది. ఎందులో ఉన్నా కుటుంబం తన ఆదాయంలో దాదాపు 30 శాతం కడితే, మిగతాది సర్కారు భరిస్తుంది. సాయం లెక్క ఒకటే. ఆ ఇంట్లో బతుకే వేరు.

ప్రభుత్వ ఇళ్ల నుంచి జనం ఎందుకు పారిపోవాలనుకున్నారో తెలియాలంటే చికాగోలోని రాబర్ట్ టేలర్ హోమ్స్ చూడాలి. 16 అంతస్తుల టవర్లు 28. మరమ్మతులు లేవు, లిఫ్టులు ఆగిపోయేవి, మెట్ల దగ్గర ముఠాలు కాపు కాసేవి. 2007 నాటికి అన్నింటినీ కూల్చేశారు. 1990లలో ఐదు నగరాల్లో ఇలాంటి ఇళ్లలోని కుటుంబాలకు వోచర్లిచ్చి ‘మూవింగ్ టు ఆపర్చునిటీ’ అనే ప్రయోగం చేశారు. ఎందుకు మారాలనుకుంటున్నారని అడిగితే ఎక్కువమంది మంచి ఉద్యోగం కోసమని అనలేదు. ముఠాలకీ డ్రగ్స్‌కీ దూరంగా వెళ్లాలన్నారు. మారాక పెద్దల సంపాదన పెరగలేదు. కానీ పేదరికం తక్కువున్న పేటలకు 13 ఏళ్లలోపే వెళ్లిన పిల్లలు పెద్దయ్యాక, వోచర్ అందనివారి కంటే 31 శాతం ఎక్కువ సంపాదించారు. ఒక తల్లికి ఇంతకంటే ఏం కావాలి?

అయితే ఆ కుటుంబాలకు ఇల్లు వెతకడంలో తోడుగా సలహాదారులున్నారు. మామూలు వోచర్‌దారుకు చాలాచోట్ల ఆ తోడు ఉండదు. మొదట ఇచ్చే గడువు కనీసం 60 రోజులు. ఆలోపు ఒప్పుకునే యజమాని దొరకాలి, ఇల్లు తనిఖీలో నెగ్గాలి, అద్దె పరిమితి దాటకూడదు. ఏళ్ల తరబడి వరుసలో నిలబడి వోచర్ తెచ్చుకున్నవాళ్లలో పదిమందికి నలుగురు దాన్ని వాడుకోలేకపోతున్నారు.

నా అభ్యంతరం ఇక్కడే. ఎంపిక స్వేచ్ఛ పేదలకిచ్చామని చెబుతూ, కాదనే అధికారాన్ని మాత్రం యజమాని చేతిలో ఉంచారు. 2018లో అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ బయటపెట్టిన పరిశీలనలో టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో 78 శాతం యజమానులు వోచర్ వద్దన్నారు. అలా వద్దనడం చట్టవిరుద్ధమైన వాషింగ్టన్ డీసీలో వద్దన్నవాళ్లు 15 శాతమే. ప్రభుత్వ ఇంట్లో పైకప్పు కారవచ్చు, హీటర్ ఆగిపోవచ్చు. కానీ ఇల్లు అమ్మేస్తున్నాం, వచ్చే నెల ఖాళీ చెయ్యమనే యజమాని ఉండడు. పక్కింటి పెద్దావిడ పిల్లల్ని చూసుకుంటుందన్న ధైర్యం ఉంటుంది. టవర్లతోపాటు కూలిపోయిన ఈ ధైర్యానికి ఏ వోచరూ బదులు కాదు.

అందుకే ఉన్న ప్రభుత్వ ఇళ్లను బాగుచేయాలి, కొత్తవి కట్టాలి. 1998 చట్టం ఆ ఇళ్ల సంఖ్య 1999 స్థాయిని దాటకుండా కట్టడి చేసింది. దాన్ని ఎత్తేయకుండా వోచర్లే చాలనడం అన్యాయం.

డాలస్ చుట్టుపక్కల ఇళ్లు కొని అద్దెకిస్తున్న మన తెలుగువాళ్లకు ఇది పరాయి సంగతేమీ కాదు. వోచర్లను తిరస్కరించకుండా నగరాలు నిబంధన పెడదామన్నా, మాజీ సైనికుల విషయంలో తప్ప వీల్లేదని టెక్సాస్ 2015లో చట్టం చేసింది. కానీ ఒప్పుకోవద్దని ఆ చట్టం ఎవరికీ చెప్పలేదు. సర్కారు వాటా నెలనెలా నేరుగా యజమానికే వస్తుంది. గడువు ముగియబోతున్న ఒక తల్లి ఫోన్ చేసి ‘సెక్షన్ 8 తీసుకుంటారా’ అని అడిగితే, సరే రండి, ఇల్లు చూడండి అనొచ్చు.