మంచైతే పెంపకం, చెడైతే రక్తం... మరి పిల్లకేం మిగిలింది?

2024 ఫిబ్రవరి. మేడారం జాతర ఇంకో వారం ఉందనగా, హన్మకొండలో మా సందు చివరి కిరాణం ముందు మా తమ్ముడి బిడ్డను కాంటా మీద నిలబెట్టారు. నిలువెత్తు బంగారం మొక్కు, అంటే మనిషి బరువుకు సరితూగే బెల్లం. ఏడేళ్ల పిల్ల ఎక్కినట్టే ఎక్కి మళ్లీ దిగింది. "చెప్పులు ఇడిచి ఎక్కుత. లేకుంటే చెప్పులకు గూడ బెల్లం ఇయ్యాలె" అంది. సేటు పకపకా నవ్వాడు. చెప్పుల్లేకుండా 21 కిలోలు. పక్కనే పసుపు కొంటున్న ఒకామె, మమ్మల్ని ఎరిగిన మనిషే, "ఇంత లెక్క ఎవల పోలికనో!" అని, అన్న మరుక్షణం నాలుక కరుచుకుంది.

ఆమె మాటలో చెడు లేదు. ఏ పిల్లనైనా చూసి ఎవరైనా అనే మాటే అది. నాకు గుచ్చుకున్నది ఆ నాలుక కరుచుకోవడం. ఆ పిల్ల 2018లో, పద్నాలుగు నెలల వయసులో, శిశుగృహ నుంచి మా ఇంటికొచ్చిందని సందులో అందరికీ తెలుసు. కాబట్టి పోలిక ప్రస్తావన తేకూడదని, తెస్తే మనసు నొచ్చుకుంటుందని ఆమె మర్యాద. నొచ్చుకోవాల్సిన విషయం అందులో ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఏడెనిమిదేళ్లుగా ఈ పిల్ల గురించి బంధువులు, ఇరుగుపొరుగు అన్న మాటలు వింటూ వచ్చాను. వాటికి ఒక లెక్క ఉంది. బడిలో మంచి మార్కులొస్తే "మీ పెంపకం అసొంటిది" అంటారు. మొండికేసి అన్నం పళ్లెం నెట్టేస్తే, ఎదురుగా అనరు గానీ, "ఎక్కడి రక్తమో" అనే గుసగుస వంటింట్లోంచి వినిపిస్తుంది. మంచి పెంచినవాళ్ల ఖాతాలోకి, చెడు కన్నవాళ్ల ఖాతాలోకి. అదే వయసులో నా కొడుకు పళ్లెం నెడితే "పొగరు పోరడు" అన్నారు. అంటే వాడి పొగరు వాడిదే. ఈ పిల్లకు సొంతంగా పొగరు ఉండే హక్కు కూడా లేదన్నమాట.

పొగడ్త కూడా ఈ లెక్కలోంచి బయటపడదు. "ఎంత పుణ్యం చేసుకుంటున్నరు", "దాని అదృష్టం బాగుంది" అంటారు. పెళ్లిళ్లలో, పంక్షన్లలో, పిల్ల చెయ్యి పట్టుకుని నిలబడి ఉండగానే. ఆ మాట విన్న ప్రతిసారీ పిల్ల నెత్తిన కనిపించని బాకీ ఒకటి పడుతుంది. పిల్లలు లేని ఇంటికి పిల్ల వచ్చింది. పదకొండేళ్లు గుళ్ల చుట్టూ, ఆస్పత్రుల చుట్టూ తిరిగిన దంపతులకు అమ్మా, బాపూ అనే పిలుపు దొరికింది. అదృష్టం ఎవరిదో తేల్చాలంటే పంచాయితీ పెద్దదే అవుతుంది.

మన దగ్గర దత్తత అనే మాట కాగితాల మీదే ఎక్కువ. ఊళ్లో అనేది "సాదుకునుడు". ఈ మాట నాకు మహా ఇష్టం. ఎందుకంటే "నలుగురు పిల్లలను సాదిన" అని కన్నతల్లి కూడా అంటుంది. సాదడంలో కన్నబిడ్డా, తెచ్చుకున్న బిడ్డా అనే తేడా లేదు. పని ఒక్కటే: ముద్ద పెట్టడం, జ్వరమొస్తే తెల్లవార్లూ కూర్చోవడం. తేడా వచ్చేది "సాదుకున్న బిడ్డ" అని దాన్ని పిల్లకు బిరుదులా తగిలించినప్పుడే.

చిత్రమేమిటంటే, ఈ గుసగుసలాడే మనమే రెండేళ్లకోసారి అడవిదారి పట్టి మొక్కేది ఒక సాదుకున్న బిడ్డకు. సమ్మక్క కథ మనకు కొత్తగా చెప్పాలా? వేటకు పోయిన కోయ దొరలకు అడవిలో పులుల మధ్య ఆడుకుంటూ కనిపించిన పసిపాప. ఇంటికి తెచ్చి సాదుకున్నారు. ఆమె ఎవరి కడుపున పుట్టిందని ఏ భక్తుడూ ఆరా తీయడు. పగిడిద్దరాజుకు భార్య అయింది, సారలమ్మకు, జంపన్నకు తల్లి అయింది, కాకతీయ సైన్యానికి ఎదురు నిలిచింది. చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో గద్దెకు వచ్చేటప్పుడు లక్షల మంది ఒక్కసారిగా చేతులెత్తేది ఆమె వంశానికి కాదు, ఆమె తెగువకు.

అదే నేల మీద, ఓరుగల్లు కోటలో, ఇంకో దత్తత ఉంది. రుద్రమదేవి తన కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ణి దత్తత చేసుకుని రాజ్యం అప్పగించింది. అది సింహాసనం కోసం చేసుకున్న దత్తత. మన ఇళ్లలో శతాబ్దాలుగా నడిచింది ఎక్కువగా ఈ కోట దత్తతే. తలకొరివికి, వంశానికి, భూమికి ఒక కొడుకు కావాలి. అన్న కొడుకో, చెల్లెలి కొడుకో అయితే "మన రక్తమే" కదా! 1956 నాటి హిందూ దత్తత చట్టంలో కూడా ఆ వాసన మిగిలే ఉంది. కొడుకో, కొడుకు కొడుకో బతికి ఉంటే ఇంకో మగపిల్లవాణ్ణి దత్తత తీసుకునే వీల్లేదంటుంది. ఇంటి అవసరమే అక్కడ కొలమానం. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం అడవి దత్తతకు దగ్గర. కుటుంబం లేని పిల్లకు కుటుంబం వెతకడం దాని పని. దత్తతకు ఉత్తర్వు ఇచ్చేముందు వయసును, తెలివిడిని బట్టి పిల్ల ఇష్టాన్ని కూడా చూడాలని అది చెబుతుంది. మతంతో సంబంధం లేకుండా ఈ చట్టం కింద ఎవరైనా దత్తత తీసుకోవచ్చని 2014లో, అంతకు ముందున్న చట్టం కాలంలోనే, సుప్రీంకోర్టు తేల్చింది. మా తమ్ముడి రోజుల్లో కోర్టు ఉత్తర్వు కావాల్సి వచ్చేది. 2022 సెప్టెంబర్ నుంచి జిల్లా కలెక్టరే ఇస్తున్నారు. ఏ దారిన వచ్చినా, ఉత్తర్వు అమలైన రోజు నుంచి ఆస్తిలో సహా అన్నిటా ఆమె ఆ ఇంటి బిడ్డే. హక్కుల్లో ఎక్కడా "లాగే" లేదు. "సొంత బిడ్డలాగే చూసుకుంటున్నరు" అని మెచ్చుకునేవాళ్లు చట్టం కంటే ఒక అడుగు వెనకే ఉన్నారు.

ఈ రక్తం పిచ్చి ఎక్కడ బాగా కనబడుతుందంటే, దరఖాస్తుల్లో. 2024-25లో దేశం మొత్తం మీద 4,515 దత్తతలు జరిగాయి. వరుసలో ఎదురుచూస్తున్న తల్లిదండ్రులు ముప్పై వేల పైమాటే. నిరీక్షణ మూడేళ్లు దాటుతోంది. ఇంతమంది ఎదురుచూస్తున్నా, ఆరేడేళ్లు దాటిన పిల్లలు మాత్రం శిశుగృహాల్లో, బాలసదనాల్లో అలాగే ఉండిపోతారు. అందరికీ నెలల పసిగుడ్డే కావాలి. కారణం అడిగితే, "పెద్దపిల్లలకు బుద్ధులు అప్పటికే వచ్చేసి ఉంటయి కదా" అంటారు. ఆ మాట మళ్లీ ఒకసారి చదవండి. బుద్ధులు వచ్చేసి ఉండటమే అభ్యంతరమట! మనిషి కాదు, మెత్తటి బంకమట్టి కావాలి. పసిగుడ్డును తెచ్చుకున్నా ఆ బుద్ధులు వస్తాయనీ, అవి మన అచ్చులో ఉండవనీ వీళ్లకు ఎవరైనా ముందే చెప్పాలి. (కన్నపిల్లలు అచ్చులో ఉన్నారా అంటే, అది వేరే వ్యాసం.)

పిల్లకు చెప్పాలా వద్దా అనేది ఇప్పటికీ చాలా ఇళ్లలో గొడవే. నా అభిప్రాయంలో అది చర్చే కాదు. ఇంట్లో చెప్పకపోతే ఊరు చెబుతుంది, అదీ కోపంలో ఉన్నప్పుడు. మా మరదలు నాలుగేళ్లప్పుడే సమ్మక్క కథలో పెట్టి చెప్పేసింది. పిల్ల అంతా విని, "మరి నేను దొరికినప్పుడు పులులు ఏవి?" అని అడిగింది. పులుల్లేవని తెలిసి కొంచెం నిరాశపడింది. పెద్దయ్యాక తన మూలాలు తెలుసుకోవాలనిపిస్తే అడగొచ్చు, అందుకు నియమాల్లో దారి ఉంది. అడిగితే మనకు లోటు చేసినట్టు కాదు.

ఇక ఆమె సంగతి. మాది మాస్టర్ల ఇల్లు. గొంతు పెంచి మాట్లాడేవాళ్లు తక్కువ. ఈ పిల్ల రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేస్తే నయీంనగర్ దాకా వినబడుతుందని మా సరదా. ఎక్కడ నేర్చిందో తెలియదు. మా అమ్మ మొదట్లో మండిపడేది: "ఆడిపిల్ల ఈలేసుడేంది!" మా ఇల్లు రెండో అంతస్తు, అమ్మకు మోకాళ్ల నొప్పులు. పొద్దున చెత్తబండి పాట వినిపించి, ఆమె మెట్లు దిగేలోపు బండి చౌరస్తా దాటేది. ఒకరోజు పిల్ల బాల్కనీలోంచి ఈల వేసింది. బండి ఆగింది. ఆ నెల నుంచి ఇంట్లో ఈల మీద నిషేధం ఎత్తేశారు. బడి ఉన్న రోజుల్లో పిల్ల ముందే వెళ్లిపోతుంది కాబట్టి డబ్బా నిండిపోతోందని అమ్మే ఫిర్యాదు చేయడం మొదలుపెట్టింది. ఇంటికెవరొచ్చినా "మా మనుమరాలు ఈలేస్తే బండి ఆగుతది" అని చెప్పుకుంటోంది. ఆ వాక్యంలో పెంపకం లేదు, రక్తం లేదు, పుణ్యం లేదు.

మొన్న ఆదివారం వెళ్లేసరికి ఇద్దరూ బాల్కనీలో ఉన్నారు. అమ్మ కట్టుడు పళ్లు తీసి పక్కన పెట్టి, రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని బుగ్గలు పొంగిస్తోంది. గాలి తప్ప ఏమీ రావడం లేదు.

"నాలుక లోపలికి మడవాలె బాపమ్మా. మల్ల జూడు."