వంక లేనమ్మ, ఆకుపచ్చ హైలైటర్

అమెరికా ప్రాసిక్యూటర్లకు వర్ణవివక్ష ఉందని ఆడిపోసుకునేవాళ్లు వాళ్ల ఫైళ్లు చూసి ఉండరు. ఎంత శుభ్రంగా ఉంటాయనుకున్నారు!

అక్కడ జ్యూరీకి, అంటే కేసు విని తీర్పు చెప్పే సామాన్యుల బృందానికి, పిలిచినవాళ్లలో కొందరిని కారణం చెప్పకుండానే ఇంటికి పంపే హక్కు ఇరుపక్షాలకూ ఉంటుంది. నల్లవాళ్లని తీసేయడానికి ఆ హక్కు వాడితే చట్టం ముందు అందరూ సమానమనే రాజ్యాంగం 14వ సవరణకు విరుద్ధమని 1986లో బాట్సన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అనుమానమొస్తే ప్రాసిక్యూటర్లు రంగుతో సంబంధం లేని కారణమేదో చెప్పాలి. కారణాలకేం కరువు? మన దగ్గర కట్నం చాలని సంబంధాలకు ఏనాడైనా జాతకాలు కలిశాయా?

మరుసటి ఏడాదే జార్జియా రాష్ట్రంలో తిమోతీ ఫాస్టర్ అనే నల్లజాతి యువకుడి మీద హత్య కేసు విచారణకొచ్చింది. వడపోతలో మిగిలిన నలుగురు నల్లవాళ్లనూ ప్రాసిక్యూటర్లు పంపేశారు. అంతా తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ మరణశిక్ష వేసింది. ఎందుకు పంపారంటే, ఒకావిడది మరీ చిన్న వయసట. 34 ఏళ్లు! జ్యూరీలో కూర్చున్న ఒక తెల్లమనిషి వయసు 21. పైగా ఆవిడ విడాకులు తీసుకుందట. విడాకులైన నలుగురు తెల్లవాళ్లలో ముగ్గురి జోలికి మాత్రం వెళ్లలేదు. వాళ్లవి పద్ధతైన విడాకులు కాబోలు.

2006లో సమాచార చట్టం కింద ఆ ఫైలు బయటికొచ్చింది. నల్లవాళ్ల పేర్ల మీద ఆకుపచ్చ హైలైటర్, పక్కన ‘బ్లాక్’కి ‘బి’ అక్షరం. ఆ పచ్చరంగంటే నల్లవాళ్లని పైన వివరణ కూడా రాసిపెట్టారు. మన ఆఫీసుల్లో ఇంత ఓపికున్న గుమస్తాను ఒక్కణ్ని చూపించండి! వివక్ష ఆరోపణ వస్తే జవాబు చెప్పుకోవడానికే ఈ గుర్తులని ప్రభుత్వం వాదించింది. దొంగతనం అంటగడతారేమోనని ముందే గునపం కొనిపెట్టుకోవడం లాంటి ముందుచూపు. 2016లో సుప్రీంకోర్టు 7-1 తేడాతో ఆ ముందుచూపును అర్థం చేసుకోలేక, శిక్ష కొట్టేసింది.

మిసిసిపీ రాష్ట్రంలో కర్టిస్ ఫ్లవర్స్ అనే నల్లజాతి మనిషిని ఒకే హత్య కేసులో, ఒకే ప్రాసిక్యూటర్, ఆరుసార్లు విచారించాడు. ఆరోసారి, తీసేసిన ఐదుగురు నల్లవాళ్లను 145 ప్రశ్నలు అడిగారు. జ్యూరీలోకి తీసుకున్న 11 మంది తెల్లవాళ్లను అందరినీ కలిపి 12. పట్టించుకోలేదని ఫిర్యాదు చేయాల్సింది తెల్లవాళ్లు కదా! 2019లో ఆ విచారణలో పడిన శిక్షనూ సుప్రీంకోర్టు కొట్టేసింది. మరుసటి ఏడాది కేసే ఎత్తేశారు. అప్పటికి ఫ్లవర్స్ జైల్లో గడిపింది దాదాపు 23 ఏళ్లు.

ఆ ఆరు విచారణల్లో తీసేయడానికి వీలున్న నల్లవాళ్లు 42 మంది. తీసేసింది 41 మందిని. నా బెంగల్లా ఆ మిగిలిన ఒక్కరి గురించే. ఆ మనిషికి విడాకులైనా కాలేదా?