డెన్మార్క్ రేవుల్లోని ఎర్ర-పచ్చ పలక గారికి

అయ్యా పలకగారూ,

మీరు నన్ను గుర్తుపట్టరు. వేసవిలో మీ ముందు నుంచి పోయే వందల తెరచాప పడవల్లో మాదొకటి. జర్మనీలోని కీల్ నుంచి బయల్దేరి డెన్మార్క్ దక్షిణ దీవుల చుట్టూ తిరుగుతుంది. పడవ మా ఆఫీసాయనది, నేను తాళ్లు పట్టుకునే సిబ్బంది. మీరు మాత్రం నాకు బాగా గుర్తు. అరచేతి పాటి ముక్క, ఒకవైపు ఎరుపు, ఒకవైపు పచ్చ. పడవ కట్టే ప్రతి గడికీ ఒకరు చొప్పున చెక్కవంతెన అంచున బిగించుకుని ఉంటారు. పచ్చ చూపించారంటే ఆ చోటు అద్దెకు తీసుకున్నాయన ఊళ్లో లేడు, ఎవరైనా వచ్చి కట్టుకోవచ్చు. ఎరుపు చూపించారంటే ముందుకు పోవాలి. ఇంత తక్కువ మాట్లాడి ఇంత పెత్తనం చేసేవాళ్లను నేనెక్కడా చూళ్లేదు.

ముందు రంగుల సంగతి తేల్చుకుందాం. సముద్రంలో మాకు నేర్పిన పాఠం వేరు. బయటి నుంచి రేవులోకి వచ్చేటప్పుడు ఎర్ర బోయా (దారి చూపడానికి నీళ్లలో తేలే గుర్తు) ఎడమవైపు, పచ్చ బోయా కుడివైపు ఉండాలి. రాత్రిపూట పడవకు పెట్టే దీపాలూ అంతే, ఎడమకు ఎరుపు, కుడికి పచ్చ. ఇదంతా బట్టీపట్టి, రెండు బోయాల మధ్య నుంచి బుద్ధిగా లోపలికి వస్తే అవే రెండు రంగులతో మీరు ఇంకో పరీక్ష పెడతారు. పైగా ఉత్తర ఐరోపా మగవాళ్లలో దాదాపు 12 మందిలో ఒకరికి ఎరుపుకీ పచ్చకీ తేడా సరిగ్గా తెలియదు. మా ఆఫీసాయన ఆ ఒకరు. కాబట్టి దూరం నుంచే మిమ్మల్ని చదివి చెప్పే ఉద్యోగం నాది, నా కళ్లద్దాల నిండా ఉప్పునీళ్లు.

సరే, పచ్చ కనిపించింది. కానీ వెడల్పు ఎంతో మీరు చెప్పరు. గడికి వెనకవైపు నీళ్లలో రెండు గుంజలు పాతి ఉంటాయి, పడవ ముక్కు వంతెన వైపు పెట్టి వాటి మధ్య నుంచి దూరాలి, దూరుతూనే రెండు గుంజలకీ వెనక తాళ్లు తగిలించాలి, ఈలోగా ఒకడు ముందు నుంచి వంతెన మీదకు దిగాలి, ఇదంతా పక్కగాలి ఊరుకుంటేనే. మా పడవ వెడల్పు 3.4 మీటర్లు. గుంజల మధ్య ఎంతుందో ఇరుక్కున్నాక తెలుస్తుంది. అప్పటికి చుట్టుపక్కల పడవల్లో కాఫీ తాగుతున్న వాళ్లందరి కళ్లూ మా మీదే. ఒక్కరూ నవ్వరు, అదే బాధ. మెల్లగా లేచి వచ్చి, మా తాడు అందుకుని, కట్టేసి, ఏమీ జరగనట్టే వెళ్లి మళ్లీ కాఫీ ముందు కూర్చుంటారు.

మీ వంశం గురించి ఏరోస్కోబింగ్‌లో కొంచెం ఆరా తీశాను. ఏరో దీవిలో ఉన్న చిన్న రేవు ఊరు అది. రాళ్లు పరిచిన సందులు, 17, 18 శతాబ్దాల నాటి పొట్టి ఇళ్లు, గోడలకు ఆనుకుని మనిషెత్తు హాలీహాక్ పూలు. సీసాల్లో ఓడలు కట్టిన పీటర్ జాకబ్సన్ అనే నావికుడి పనితనం చూపించే మ్యూజియం కూడా ఉంది (జీవితంలో 1,700 దాకా కట్టాడట, ఓడను సీసా మూతిలోంచి దూర్చినవాడికి మీ గుంజలు ఒక లెక్కా). అక్కడి కిటికీల్లో పింగాణీ కుక్కలు జంటలు జంటలుగా కూర్చుని ఉంటాయి. ఇంగ్లండ్ పోయొచ్చిన నావికులు తెచ్చినవట. కుక్కల మొహాలు వీధి వైపు ఉంటే ఇంటాయన సముద్రం మీద ఉన్నాడనీ, లోపలికి తిరిగి ఉంటే వచ్చేశాడనీ చెప్పుకుంటారు. ఆ సమాచారం వీధిలో ఎవరికి అవసరమో మాత్రం అడగొద్దు, దానికీ వేరే కథలున్నాయి. మొత్తానికి ఇంటాయన లేడని ఊరందరికీ చాటే ఉద్యోగం మీకంటే ముందు ఆ కుక్కలు చేశాయన్నమాట.

ఇక అసలు ఫిర్యాదు. ఇది ఇంకో దీవిలో జరిగింది, పేరెందుకులే. జూలైలో డెన్మార్క్ సగం సెలవుల్లో ఉంటుంది, జర్మనీ నుంచి మేమూ దిగుతాం, మధ్యాహ్నం దాటిందంటే పచ్చ పలకలన్నీ అయిపోతాయి. ఒక్క గడి మాత్రం ఖాళీ. దాని ముందు మీరు, ఎర్రగా. ఓనరు సాయంత్రానికి తిరిగొస్తాడో, తిప్పడం మరిచిపోయి స్వీడన్ పోయాడో ఎవరికీ తెలియదు. గొలుసు లేదు, వాచ్‌మన్ లేడు. మన ఆర్టీసీ బస్సులో సీటు మీద కర్చీఫ్ ఉంటే దాన్ని పక్కకు తోసి కూర్చుని గొడవ పెట్టుకునే హక్కయినా ఉంటుంది. ఇక్కడ పడవ తర్వాత పడవ ఆ ఖాళీ చోటు దాకా రావడం, మిమ్మల్ని చూడటం, వెనక్కి తిరగడం. వేలితో నెడితే జరిగే ముక్క కదా, పచ్చ చేసేద్దాం, ఎవరు అడుగుతారు అన్నాను. మా ఆఫీసాయన రాత్రి భోజనం దాకా నాతో మాట్లాడలేదు.

చివరికి గోడకు కట్టిన పడవకు కట్టిన పడవకు మా పడవ కట్టాం. ఒడ్డెక్కాలంటే రెండు కుటుంబాల మీదుగా పోవాలి, అదీ వాళ్లు కూర్చుని తినేచోటు నుంచి కాదు, ముందు భాగం మీదుగా, చప్పుడు చేయకుండా. అలా వెళ్లి, మెషీన్లో పడవ పొడవును బట్టి డబ్బు కట్టి, స్టిక్కరు తెచ్చి పడవకు తగిలించాం. ఆ ఎర్ర గడి ఓనరు చీకటి పడేదాకా రాలేదు. జూలైలో అక్కడ చీకటి పడటమంటే రాత్రి పదిన్నర మాట, అంతసేపూ ఆ ఖాళీ నీళ్లను చూస్తూ కూర్చున్నాను.

కాబట్టి పలకగారూ, మీ మీద వెడల్పు మీటర్లలో రాయించుకోండి. కొందరు ఓనర్లు ఆదివారం దాకా ఖాళీ అని చీటీ రాసి పెట్టి పోతారు, ఆ మంచి బుద్ధి మిగతావాళ్లకూ నేర్పండి. తిప్పడం మరిచిపోయేవాళ్లకు మాత్రం వేరే ఏమీ వద్దు, జూలైలో ఒక రాత్రి మూడో వరసలో పడుకోబెట్టండి చాలు.

ఇట్లు,
లోపలి పడవవాళ్లు పొద్దున్నే ఐదింటికి బయల్దేరతామన్నారు కాబట్టి నాలుగున్నరకు లేచి తాళ్లు విప్పాల్సిన సిబ్బంది